చెరువు అడుగున ఒక కన్ను: విద్యార్థుల నీటిలోపలి రోబోలు, శామీర్‌పేట – మేడ్చల్ చెరువులు

చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము తలుపు ఇరుక్కుపోతే, ఈత బాగా తెలిసిన మనిషి నడుముకు తాడు కట్టుకొని నీటిలో దిగి దానిని విడిపించడం తెలంగాణ గ్రామాలలో అనూచానంగా వస్తున్న పద్ధతి. పూర్వం ఈ బాధ్యత నీరటిది. నీరటి వ్యవస్థ సన్నగిల్లిన తరువాత గజ ఈతగాళ్ళనో, మత్స్యకారులనో పిలవడం పరిపాటి అయింది. ఈ పనిలోని ప్రమాదం ఎంతటిదో ఒక చిన్న లెక్క తేటతెల్లం చేస్తుంది. తూము నోరు 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉండి, దానిపై నాలుగు మీటర్ల నీరు నిలిచి ఉందనుకుందాం. తూము అవతలి వైపు ఖాళీగా ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరుపైన సుమారు 400 గ్రాముల భారం పడుతుంది. మొత్తం 900 చదరపు సెంటీమీటర్లకు అది 360 కిలోలు. ఆ నోటికి కాలో వీపో అడ్డుపడి చిక్కుకున్న మనిషిని కట్టమీదినుంచి నలుగురు కలిసి లాగినా విడిపించడం దుస్సాధ్యం. అతడు ఊపిరి బిగపట్టగలిగేది ఒకటి రెండు నిమిషాలు మాత్రమే.

మనిషికి బదులు మొదట ఒక యంత్రాన్ని దించి, అక్కడ ఏమున్నదో చూసి, ఆ తరువాత నిర్ణయం తీసుకోవడం వివేకం. అటువంటి యంత్రమే తీగతో కట్టి ఒడ్డునుండి నడిపే నీటిలోపలి రోబో. ఆంగ్లనామపు పొడి అక్షరాలతో దీనిని ఆర్.ఓ.వి. అంటారు. సముద్రంలో చమురు బావుల నిర్వహణకు, మునిగిన నౌకల పరిశీలనకు పెద్ద సంస్థలు వాడుతూ వచ్చిన ఈ సాధనం గత రెండు మూడు దశాబ్దాలలో విద్యార్థుల చేతికి వచ్చింది. పి.వి.సి. గొట్టాలు, చిన్న మోటార్లు, ఒక కెమెరా, నాలుగు వారాల ఓపిక ఉంటే కళాశాల ప్రయోగశాలలోనే తయారు కాగలదు. చెరువు ఆయకట్టుతోను, చేపల పెంపకంతోను నిత్యసంబంధం గల విస్తరణ శాస్త్రవేత్తలు దీని శక్తిని, పరిమితిని ఎరిగి ఉండడం అవసరం.

కళాశాలల పక్కనే చెరువులు

హైదరాబాదు ఉత్తరపు అంచున ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఈ ప్రయోగానికి ఎంతో అనువైనవి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో కండ్లకోయ, మైసమ్మగూడ, గుండ్లపోచంపల్లి పరిసరాలలో ఇంజినీరింగ్ కళాశాలలు గుంపుగా వెలిశాయి. శామీర్‌పేట వైపు బిట్స్ పిలాని హైదరాబాదు ప్రాంగణం 2008 నుండి నడుస్తున్నది. జీనోమ్ వ్యాలీ పరిశోధన సంస్థలూ ఆ దరిదాపులలోనే ఉన్నాయి. వీటి నడుమ కరీంనగర్ రహదారిని ఆనుకొని నిజాం కాలంలో నిర్మించిన శామీర్‌పేట పెద్ద చెరువు, నాగపూర్ రహదారి వైపు మేడ్చల్ చెరువు, ఇంకా ఎన్నో చిన్న కుంటలు ఉన్నాయి. రోబో నిర్మించే విద్యార్థికి తరగతి గదినుండి చెరువు కట్టకు అరగంట ప్రయాణం. సముద్రతీరాన ఉన్న విద్యార్థులకు సైతం అలలు లేని నిలువ నీరు ఇంత దగ్గరగా దొరకదు.

రాష్ట్రవ్యాప్తంగా చూస్తే, 2015 మార్చి 12న ప్రారంభమైన మిషన్ కాకతీయ నాటికి లెక్కకు వచ్చిన చెరువులు, కుంటలు 46 వేలకు పైన. వీటిలో పూడిక తీసి, తూములు, మత్తళ్ళు బాగుచేసినవి అనేకం. కాని నీరు నిండిన తరువాత ఆ మరమ్మతు ఎలా నిలిచిందన్నది చూడాలంటే మళ్ళీ వేసవిదాకా ఆగవలసిందే. కట్ట లోపలి రాతిపరుపు ఎక్కడ జారింది, తూము నోట ఏమి అడ్డుపడింది, చెట్ల వేళ్ళు ఎక్కడ చొచ్చుకువచ్చాయి అన్న ప్రశ్నలకు జవాబులు నీటికిందనే ఉంటాయి.

గొట్టాలతో మొదలైన విద్య

విద్యార్థుల రోబోలకు మూలం ఒక పుస్తకం. హారీ బోమ్, వికీ జెన్సెన్ అనే ఇద్దరు రచయితలు 1997లో ఇంటి సామగ్రితో నీటిలోపలి రోబోను నిర్మించే విధానాన్ని వివరించారు. దాని ఆధారంగా అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన సముద్ర విజ్ఞాన విభాగం 2003లో సీపర్చ్ అనే పాఠశాల కార్యక్రమాన్ని రూపొందించింది. పి.వి.సి. చట్రం, మూడు చిన్న మోటార్లు, వాటిని నీరు తగలకుండా చిన్న డబ్బాలలో పెట్టి చుట్టూ పోసిన మైనం. ఇంతే దాని నిర్మాణం. మైనం కరిగించి పోయడంలో మన పల్లెల కంచరి, వడ్రంగి పనివారికి ఉన్న నేర్పు చాలామంది ఇంజినీరింగ్ విద్యార్థులకు ఉండదన్నది వేరే మాట.

2002లో ఆరంభమైన మేట్ పోటీలు ఈ విద్యను అంతర్జాతీయ స్థాయికి చేర్చాయి. 2004లో ఆ పోటీలో జరిగిన సంఘటన తరచుగా ఉదహరింపబడుతుంది. అరిజోనా ఎడారి రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరపు ఉన్నత పాఠశాలనుండి వచ్చిన నలుగురు విద్యార్థులు, వలస కుటుంబాల పిల్లలు, దాదాపు 800 డాలర్ల విరాళాలతో గొట్టాల రోబో ఒకటి చేసుకొని వచ్చి, కళాశాల స్థాయి విభాగంలో మసాచుసెట్స్ సంస్థ జట్టును సైతం మించి ప్రథమ స్థానం పొందారు. పోటీకి ముందు వారి యంత్రంలోకి నీరు కారింది. అతుకులన్నీ మళ్ళీ వేయడానికి వ్యవధి లేదు. పెట్టెలో తడిని పీల్చుకొనేందుకు స్త్రీలు ఋతుకాలంలో వాడే దూది చుట్టలను కొని అమర్చారు. అది పనిచేసింది. న్యాయనిర్ణేతలు మెచ్చినది యంత్రపు సొగసును కాదు. ప్రతి భాగాన్ని ఎందుకలా అమర్చారో ఆ పిల్లలు వివరించగలగడాన్ని.

మన దేశంలో ఈ రంగానికి పెద్దదిక్కు 1993లో చెన్నైలో స్థాపితమైన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. ఆ సంస్థ నిర్మాణంలో పాలుపంచుకొన్న రోసబ్ 6000 అనే యంత్రం 2010లో మధ్య హిందూ మహాసముద్రంలో అయిదు వేల మీటర్లకు మించిన లోతుకు దిగింది. అదే సంస్థ విద్యార్థులకు స్వయంచాలక జలాంతర వాహనాల పోటీలను కూడా నిర్వహించింది. చెరువుకు అంత లోతు అక్కరలేదు. పది మీటర్ల లోతును తట్టుకొనే యంత్రం ఉంటే తెలంగాణ చెరువులలో అత్యధిక భాగం దాని పరిధిలోకి వస్తాయి.

బరువు, తేలుడు, ఒత్తిడి

నిర్మాణంలో మొదటి పాఠం ఆర్కిమిడీస్ సూత్రం. 110 మిల్లీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవు గల మూసిన గొట్టం సుమారు 2.85 లీటర్ల నీటిని తొలగిస్తుంది. అనగా అంతే కిలోల బరువును మోయగలదు. చట్రపు గొట్టాలకు మాత్రం రంధ్రాలు చేసి నీరు లోపలికి పోనివ్వాలి. లేకుంటే ఎక్కడో ఒక అతుకులో మెల్లగా నీరు చేరి, పరీక్ష నడిమధ్యలో యంత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. తేలే భాగాలు పైన, బరువైన భాగాలు కింద ఉండాలి. అప్పుడే యంత్రం ఎటు కదిపినా తిరిగి నిటారుగా నిలుస్తుంది.

సముద్రానికి సరిపోయే తూకం చెరువుకు సరిపోదన్న సంగతిని విద్యార్థులు తరచు మరచిపోతారు. పది లీటర్ల ఘనపరిమాణం గల యంత్రానికి ఉప్పునీటిలో లభించే ఊతం మంచినీటిలో కంటే సుమారు 250 గ్రాములు ఎక్కువ. తీరప్రాంతపు నమూనాను యథాతథంగా తెచ్చి శామీర్‌పేటలో వదిలితే నేరుగా బురదలో కూర్చుంటుంది.

చెరువు రోబోను కచ్చితంగా సమతూకంలో ఉంచక, కొద్దిగా తేలేలా ఉంచడం మేలు. దీనికి రెండు కారణాలు. విద్యుత్తు ఆగిపోతే యంత్రం దానంతటదే పైకి వస్తుంది. రెండవది అంతకంటె ముఖ్యమైనది. తేలే యంత్రాన్ని కిందికి దించాలంటే దాని పంఖా నీటిని పైకి నెట్టాలి. అడుగున ఉన్న ఒండ్రు కదలదు. మునిగే స్వభావం గల యంత్రం నీటిని ఎడతెగక కిందికి నెడుతూ బురద లేపుతుంది. ఆ తరువాత కెమెరాకు కనిపించేది టీ నీళ్ళ రంగు తప్ప మరేమీ కాదు.

ఒత్తిడి విషయం. పది మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపైన ఉపరితలంలో కంటే సుమారు ఒక కిలో భారం అధికంగా ఉంటుంది. 110 మిల్లీమీటర్ల గొట్టపు మూతకు దాదాపు 95 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉంది కనుక, దానిపై పడే భారం క్వింటాలుకు ఇంచుమించుగా వస్తుంది. మూత విరగకపోవచ్చును, కాని తీగ లోపలికి ప్రవేశించే రంధ్రం వద్ద అంటించిన జిగురు ఊడుతుంది. నీరు కారిన విద్యార్థి రోబోలను విప్పి చూస్తే మొదట అనుమానించవలసిన చోటు ఇదే. తీగ పైతొడుగును గరుకు కాగితంతో రుద్ది, శుభ్రపరచి, తరువాతనే ఎపాక్సీ పోయాలి. నీటిలో దించకముందే చేతిపంపుతో పెట్టెలోని గాలిని కొంత తోడివేసి, ఒత్తిడి మాపకం ముల్లు పావుగంటసేపు కదలకుండా ఉందో లేదో చూడడం అన్నిటికంటె చౌకైన పరీక్ష. ముల్లు కదిలితే ఆనాటికి చెరువు ప్రయాణం మానుకోవాలి.

మన వాతావరణానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఏప్రిల్ ఎండలో కట్టమీద ఉంచిన పెట్టె లోపలి గాలి బాగా వేడెక్కుతుంది. దానిని నీటిలో దించగానే చల్లబడి, గాలిలోని తేమ కెమెరా అద్దంపై మంచులా పడుతుంది. పెట్టెను పొడి గదిలో మూసి, లోపల సిలికా జెల్ పొట్లాలు ఉంచి, దించేవరకు నీడలో పెట్టాలి.

తీగ అనే బొడ్డుతాడు

రేడియో తరంగాలు నీటిలో కొద్ది దూరంలోనే క్షీణిస్తాయి. ఉపగ్రహాల ద్వారా స్థానం తెలుసుకొనే పద్ధతీ నీటికింద పనిచేయదు. అందుచేత తీగ తప్పనిసరి. విద్యుత్తు, ఆదేశాలు, చిత్రాలు అన్నీ దానిగుండానే సాగుతాయి. యంత్రం చిక్కుకుంటే లాగడానికి కూడా అదే ఆధారం.

తీగను ఎంచడంలో విద్యార్థులు చేసే పొరపాటు లెక్కతోనే బోధపడుతుంది. 12 వోల్టుల బ్యాటరీ, 20 మీటర్ల తీగ, 10 ఆంపియర్ల ప్రవాహం అనుకుందాం. విద్యుత్తు పోయి రావడానికి 40 మీటర్ల రాగి కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల తీగలో దాదాపు 7 వోల్టులు దారిలోనే పోతాయి. మోటారుకు మిగిలేది అయిదు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టం 2.75 వోల్టులు. అంతకంటె లావు తీగ వాడితే దాని బరువే యంత్రాన్ని వెనక్కు ఈడుస్తుంది. అదే 120 వాట్ల శక్తిని 48 వోల్టుల వద్ద పంపి, యంత్రంలో తగ్గించుకుంటే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టం ముప్పాతిక వోల్టుకు లోపే. ఊరి లైనును ఎక్కువ వోల్టేజితో తెచ్చి పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మరుతో దించడానికి కారణమూ ఇదే కనుక, ఈ లెక్కను రైతులకు చెప్పినా సులభంగా గ్రహిస్తారు.

కట్టమీద ఇన్వర్టరు గాని, మోటారు షెడ్డునుండి లాగిన 230 వోల్టుల తీగ గాని ఈ పనికి ఎన్నడూ వాడరాదు. బ్యాటరీ ఒడ్డుననే ఉండాలి; దాని ధ్రువానికి ఆనుకొనే ఫ్యూజు ఉండాలి. తీగ మునిగిపోకుండా అక్కడక్కడ చిన్న తేలికబిళ్ళలు కట్టాలి. పంఖాలకు జాలీ తొడుగులు లేకుంటే మొదటి పది నిమిషాలలోనే గుర్రపుడెక్క వేళ్ళో, తెగిన వల పోగులో చుట్టుకుంటాయి.

తొట్టినుండి చెరువుకు

పరీక్షలకు ఒక క్రమం ఉంది. మొదట నీళ్ళ డ్రమ్ము, తరువాత పశువుల తొట్టి వంటి సిమెంటు తొట్టి, ఆపైన ఈతకొలను లేదా మెట్లున్న వ్యవసాయ బావి, చిట్టచివర చెరువు. ఒక్కొక్క మెట్టులో ఒక్కొక్క లోపం బయటపడుతుంది: డ్రమ్ములో కారడం, తొట్టిలో ఒరగడం, కొలనులో తీగ బరువు. చెరువులో బయటపడేది మాత్రం చూపు లోపం. కొలనులో స్పష్టమైన చిత్రాలు తీసిన కెమెరా చెరువులో గుడ్డిదవుతుంది.

ఇది యంత్రపు తప్పు కాదు. చేపల పెంపకానికి అనుకూలమైన నీరు సహజంగానే ప్లవకాలతో పచ్చగా ఉంటుంది. సెకీ పళ్ళెం 25 నుండి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగు కావడం కార్పు చేపల చెరువుకు మంచి లక్షణమని మత్స్యశాస్త్ర విద్యార్థులకు తెలుసు. చేపకు మంచిదైన ఆ నీరే కెమెరాకు చెడ్డది. దీపాన్ని కటకం పక్కనే అమర్చితే నలుసులన్నీ వెలిగి, పొగమంచులో వాహనం దీపాలు వేసినట్లు తెల్లని తెర ఏర్పడుతుంది. దీపాలను చేతి పొడవు దూరంలో, ఏటవాలుగా అమర్చాలి. అంతకంటె మేలైన ఉపాయం ఈతగాళ్ళ కెమెరాలనుండి వచ్చింది. కటకం ముందు పారదర్శకమైన ఆక్రిలిక్ పెట్టెను అమర్చి, దానినిండా శుభ్రమైన నీరు పోస్తారు. పెట్టె ముఖాన్ని తూము రాతికి దాదాపు ఆనించి చూస్తే, మధ్యలో ఉన్నది మంచినీరే కాబట్టి రాయి పగులు కనిపిస్తుంది. ఒక్కసారికి కనిపించేది పళ్ళెమంత చోటు మాత్రమే. మొత్తం తూమును చూడడానికి ఓపిక కావాలి.

ఈ సాధనం పట్ల ఉత్సాహంలో కొన్ని పనులు దానికి అనవసరంగా అంటగట్టబడుతున్నాయి. పూడిక కొలత అందులో ఒకటి. పుట్టిమీదినుండి ధ్వని లోతుమాపకంతో, లేదా గుర్తులు వేసిన ఇనుప కడ్డీతో ఆ పని ఇంకా చౌకగా, ఇంకా నమ్మకంగా జరుగుతుంది. రోబోకు నిజంగా తగిన పనులు రెండు. మొదటిది పైన చెప్పిన తూము, కట్ట పరిశీలన. రెండవది పడవ పోలేని చోట నీటి గుణాన్ని కొలవడం, ప్రత్యేకించి గుర్రపుడెక్క పరుపు కింద.

30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద నీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే కరిగించుకొని ఉండగలదు. కార్పు చేపలకు 5 మిల్లీగ్రాములకు పైన ఉండడం మంచిది. 3కు దిగితే అవి ఒత్తిడికి లోనవుతాయి. మబ్బు పట్టిన రోజుల తరువాత తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరచి పైకి రావడానికి, ఒక్కొక్కప్పుడు మూకుమ్మడిగా చనిపోవడానికి అడుగునీటిలోని కొరత ప్రధాన కారణాలలో ఒకటి. 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు పెద్దఎత్తున చనిపోయినప్పుడు పరిశ్రమల వ్యర్థాలపై ఆరోపణలు వెల్లువెత్తాయి. ఇటువంటి సందర్భాలలో కారణం మురుగా, రసాయనమా, సహజమైన ఆక్సిజన్ కొరతా అని తేల్చడానికి మామూలు రోజులలో లోతువారీగా తీసిన కొలతలు ముందే ఉండాలి. చేపలు తేలిన తరువాత తీసిన ఒక్క సీసా నీటితో వాదం తెగదు. 2016 నుండి ఉచిత చేపపిల్లల పంపిణీతో చెరువుపై ఆశలు పెట్టుకున్న మత్స్య సహకార సంఘాలకు ఈ కొలతల విలువ తక్కువేమీ కాదు. సంగారెడ్డి సమీపంలోని కంది వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల, పెబ్బేరు మత్స్య కళాశాల విద్యార్థులు మేడ్చల్ ప్రాంతపు యంత్ర విద్యార్థులతో కలిస్తే ఒకరికి తెలియనిది ఒకరు పూరించగలరు. యంత్రం చేయడం ఎరిగినవారికి ఏ గంటకు, ఏ లోతున కొలవాలో తెలియదు. అది ఎరిగినవారికి యంత్రం లేదు.

కట్టమీద పాటించవలసినవి

చెరువు నీటిపారుదల శాఖది. అందులోని చేపలపై హక్కు మత్స్యకారుల సంఘానిది. ఇద్దరి అనుమతీ అవసరం. సంఘం వారితో ముందుగా మాట్లాడితే వలలు ఎక్కడ వేశారో, అడుగున పాత బావులు, మొద్దులు ఎక్కడ ఉన్నాయో చెబుతారు. ఆ సమాచారం ఏ పటంలోనూ దొరకదు. పరీక్ష సాగినంతసేపు తూము మూసి ఉందని నీటిపారుదల సిబ్బందితో నిర్ధారించుకోవాలి. పారుతున్న తూము మనిషిని పట్టినట్లే యంత్రాన్నీ పడుతుంది.

నీటి అంచున ఉన్న ప్రతి విద్యార్థి ప్రాణరక్షక కవచం ధరించాలి. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్ జలాశయంలో ఐదుగురు యువకులు మునిగిపోయిన ఘటన ఈ ప్రాంతపు కళాశాలలకు సుపరిచితం. యంత్రం చిక్కుకుంటే దానికోసం ఎవరూ నీటిలో దిగరాదన్న నియమాన్ని బయలుదేరకముందే రాతపూర్వకంగా అంగీకరించాలి. తీగను లాగి చూడాలి. రాకపోతే కొస కట్టకు కట్టి, నీరు తగ్గేవరకు వదలివేయాలి. మనిషిని దించకుండా ఉండడానికే యంత్రం చేసినప్పుడు, యంత్రంకోసం మనిషిని దించడంలో అర్థం లేదు.

ఒక చెరువులో పని ముగించుకొని మరొక చెరువుకు పోయేముందు యంత్రాన్ని శుభ్రమైన నీటితో కడిగి, గుర్రపుడెక్క ముక్కలను ఏరివేసి, పూర్తిగా ఆరబెట్టాలి. చేప పేను తన గుడ్లను గట్టి వస్తువులపై అంటించి పెడుతుంది. శామీర్‌పేటలో తడిసిన చట్రం మరునాడే మేడ్చల్‌లో మునిగితే ఆ గుడ్లూ దానితో పోతాయి. చట్రపు గొట్టాలలో నిలిచిన నీటిని వంచి పారబోయాలి. తీగను మాత్రం చుట్టగా ఉంచక, విప్పి ఎండలో పరచాలి. చుట్ట లోపలి వరుసలలో తడి రోజుల తరబడి ఆరదు.